చుక్క గుండ్రంగా రాలేదా? ముందు ఎందుకో చూడండి

ఉట్నూర్‌లో వీధి దీపాలు దాటి ఊరి చివరికొస్తే చాలు, డిసెంబర్ రాత్రి ఆకాశం నిండా చుక్కలే. హైదరాబాద్‌లో ఈ ఆకాశం దొరకదు. స్టాండ్ మీద కెమెరా పెట్టి 30 సెకన్లు షట్టర్ తెరిచారనుకోండి. ఫొటో పెద్దగా చేసి చూస్తే చుక్కలు బియ్యపు గింజల్లా సాగి ఉంటాయి. సాగిన చుక్కను తీసేసి గుండ్రటిది పెట్టే సౌకర్యం ఇప్పుడు సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నేనైతే ముందే దాని జోలికి పోవద్దంటాను.

ఎందుకంటే, నక్షత్రం మనకు చాలా దూరం. ఫొటోలో అది ఒక బిందువులా పడాలి. అలా పడలేదంటే తేడా కెమెరాలోనో, గాలిలోనో, మన పద్ధతిలోనో ఉన్నట్టు. అన్నీ ఒకే వైపు సాగాయా? భూమి తిరుగుతోంది, గంటకు 15 డిగ్రీలు. 50 మి.మీ. లెన్స్‌కు పాత లెక్క ప్రకారం 500ను 50తో భాగిస్తే 10 సెకన్లు. ఈ లెక్క ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు, అదీ కాస్త ఉదారమైనదే, ఇంకా తగ్గించండి. మూలల్లో మాత్రమే తోక వచ్చిందా? అది లెన్స్ లోపం. అపర్చర్ కాస్త మూయండి. అన్నీ గుండ్రంగానే ఉన్నా లావుగా ఉన్నాయా? ఫోకస్ చూడండి, లెన్స్ మీద మంచు పట్టిందేమో కూడా చూడండి.

ఇవన్నీ సరిచేశాక సాఫ్ట్‌వేర్ దగ్గరికి రండి. డీకన్వల్యూషన్ అనేది చుక్క ఎలా చెదిరిందో కొలిచి, ఆ చెదురును వెనక్కి లెక్కగట్టే పద్ధతి. అతిగా చేస్తే చుక్కల చుట్టూ నల్లటి వలయాలొస్తాయి. అవి కనబడితే ఆపేయండి.

హబుల్ కథ ఇదే. 1990లో దాని చుక్కల చుట్టూ మసక వెలుగు వచ్చింది. అద్దం అంచు దాదాపు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైపోయింది. ఆ చెదిరిన చుక్కల ఆకారాన్ని చూసి కూడా లోపం ఎంతో లెక్కగట్టారు. మధ్యలో కంప్యూటర్‌తో ఫొటోలు బాగుచేసుకున్నారు గానీ, అసలు మరమ్మతు 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి చేసిందే. మన హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలోనూ గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి నక్షత్ర పట్టికలు తయారుచేశారు. బటన్‌లు లేని రోజులవి.

ఇక ఉద్యోగం మాట. రెజ్యూమెలో ‘ఇమేజ్ ప్రాసెసింగ్’ అని అందరూ రాస్తారు. ఉపగ్రహ చిత్రాలైనా, స్కానింగ్ చిత్రాలైనా, అక్కడా చెదురు కొలవడం ఇదే పని. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీలో అవకాశం కోసం చూస్తున్నవాళ్లు మరీ గమనించాలి. ‘ఈ ఫొటోలో తప్పేముంది?’ అని అడిగితే ఏ సాధనం వాడారో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పేవాళ్లే తక్కువ అని నా అనుమానం.

ఈ శీతాకాలం ఒకే ఆకాశాన్ని రెండుసార్లు తీయండి. సాగిన ఫొటో పారేయకండి. పక్కన సరిచేసిన ఫొటో పెట్టి, కింద ఎక్స్‌పోజర్ ఎంత, ఏం మార్చారు, సిరిల్ చూపిన చుక్క వెడల్పు ముందెంత, తర్వాతెంత అని రాసుకోండి. ఇంటర్వ్యూకు ఆ రెండూ తీసుకెళ్లండి.