మళ్ళీ గుంట గట్టెక్కిన రైతు

1994లో తెల్లమచ్చల వైరస్ సోకి నెల్లూరు తీరాన టైగర్ రొయ్య పంట తుడిచిపెట్టుకుపోయింది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఇప్పుడు ఎక్కువగా సాగయ్యేది వనామీ రొయ్య. తెగులు తగిలినా, ధర పడినా గుంట కౌలు, మేత దుకాణం ఖాతా, వడ్డీ ఒక్కసారే మీద పడతాయి. ఫోన్ ఆపేసి, పెళ్ళాంబిడ్డల మొహం చూడలేక ఇంట్లోనే ముడుచుకుపోయే స్థితి అది. అలాంటి మనిషి తెల్లారుజామున మళ్ళీ గట్టెక్కి, మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగి, రొయ్య పేగు నిండిందో లేదో వెలుతురుకు ఎత్తి చూసుకుంటున్నాడంటే, పంటకన్నా ముందు తనను తాను దక్కించుకున్నట్టే. ఒంటరిగా అయ్యే పని కాదది. 2022లో మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 రేయింబవళ్ళు పలుకుతుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రతి మేత దుకాణం గోడమీదా ఈ అంకెలు రాయించాలి. అప్పిచ్చినవారు వసూలుకు బయల్దేరేముందు ఒక్క పంట గడువివ్వాలి.