ఆ వైపు చేయి



మద్నూర్ ప్రాంతంలో దీపావళి దాటిందంటే ఆడవారి చేతులన్నీ పత్తి చేలలోనే ఉంటాయి. ఆ చేతులలో ఒకదానిని గురించి ఈ నెల వ్రాస్తున్నాము. అది రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను జరిగిన వైపు చేయి.

ఆపరేషను అయింది, కరెంటు పెట్టడం అయింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తిరగడం తగ్గింది. ఇంటిల్లిపాది దేవునికి స్తోత్రం చెల్లించారు. ఏడాదికో మూడేళ్లకో, ఒక ఉదయం ఆ చేతికి గాజులు ఎక్కవు. జాకెట్టు చేయి పట్టేస్తుంది. రోగం తిరగబెట్టిందేమోనన్న భయంతో కొందరు కొంగు కప్పుకొని తిరుగుతారు. కొన్ని ఇండ్లలో అంటుకుంటుందని కంచం వేరు చేస్తారు. ఇది మమ్మును ఎక్కువగా బాధిస్తుంది. ఈ వాపు అంటురోగం కానే కాదు.

చంకలో బిళ్లలు కడతాయంటామే, అవే లింఫు గ్రంథులు. ఆపరేషనులో వాటిని తీసివేసినా, కరెంటు వల్ల అవి దెబ్బతిన్నా, చేతిలోని లింఫు నీరు పైకి పోయే దారి ఇరుకవుతుంది. నీరు నిలిచి చేయి వాస్తుంది. డాక్టర్లు దీనిని లింఫెడిమా అంటారు. అయితే క్యాన్సరు తిరిగి వచ్చినా, రక్తం గడ్డకట్టినా కూడా చేయి వాయవచ్చు. కాబట్టి కొత్తగా వాపు కనబడితే వైద్యం చేసిన డాక్టరుకు తప్పక చూపించాలి. ఒంట్లో నీరు తీసే మాత్రలు దీనికి పనిచేయవు. కొలతకు కుట్టిన బిగువు తొడుగు, కట్లు, నేర్పినవారి చేత మర్దన, వ్యాయామం, ఇవే దీనికి వైద్యం.

ఎండిన పత్తికాయ డొప్పల మొనలు వేళ్లను ఎలా గీరుతాయో మీకు మేము చెప్పనక్కరలేదు. లింఫు నిలిచిన చేతిలో ఆ చిన్న గీత చాలు, చీము పట్టడానికి. మగవారి పొడుగు చేతుల చొక్కా తొడుక్కొని పత్తి ఏరడం మన వైపు అలవాటే. అది మంచిది, ముంజేతి దగ్గర మాత్రం బిగుతు ఉండరాదు. సాయంత్రం సబ్బుతో కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాయండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి. పసరు కట్టవద్దు, కాపడం పెట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ చేతితో ఇక బిందె ఎత్తరాదని పూర్వం చెప్పేవారు. అమెరికాలో వాపు ఉన్న 141 మంది స్త్రీలలో దాదాపు సగం మంది చేత ఏడాదిపాటు, మొదట శిక్షకుల దగ్గర, కొంచెం కొంచెంగా బరువులు ఎత్తించి చూశారు. వాపు పెరగలేదు, పైగా అది ఉద్రేకించడం తగ్గింది. ఈ ఫలితం 2009లో వెలువడింది. చేతిని ఒడిలో పెట్టుకొని కూర్చోవడం వల్ల భుజం బిగిసిపోవడమే మిగులుతుంది. గోడమీద వేళ్లు ప్రాకిస్తూ రోజుకు కొంత పైకి పోనివ్వండి. బరువు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

భర్తలకు ఒక పని. దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంచి, నెలకొకసారి ఆమె రెండు చేతులను మోచేతికి జానెడు పైన, జానెడు క్రింద కొలిచి క్యాలెండరు మీద వ్రాయండి. తేడా రెండు సెంటీమీటర్లకు చేరితే, పత్తి ఏరడం సగంలో ఉన్నా సరే, ఆమెను బస్సెక్కించండి.