ఈ నెల మాట: తంతి

ఈ నెల మన మాట 'తంతి'. రెండే అక్షరాలు. ఒకసారి పైకి చదవండి. 'తంతాను జాగ్రత్త!' అని పెద్దవాళ్లు బెదిరించే మాటకూ దీనికీ చుట్టరికం లేదు, భయపడకండి.

తంతి అంటే తీగ. వీణకు, తంబురాకు బిగించే తీగ తంతి. తీగ మీదుగా కబుర్లు పంపడం మొదలయ్యాక టెలిగ్రామును కూడా తెలుగువాళ్లు తంతి అన్నారు. ఇండియాలో ఒకప్పుడు ఈ పనులు చూసిన ప్రభుత్వ శాఖ పేరు 'తంతి తపాలా శాఖ'. తపాలా అంటే ఉత్తరాలు. తంతి అంటే తీగ మీద వచ్చే కబురు.

నేల మీద తంతి వేయడం అంత కష్టం కాదు. స్తంభాలు పాతాలి, తీగ కట్టాలి. మరి సముద్రంలో? ఉప్పునీళ్లు తగిలితే తీగలోని కరెంటు నీళ్లలోకి పోతుంది. కాబట్టి తీగకు నీళ్లు తగలకుండా తొడుగు కావాలి. ఆ తొడుగు మలయా అడవుల్లోని ఒక చెట్టు పాలలో దొరికింది. దాని పేరు గట్టాపర్చా. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లబడితే గట్టిపడుతుంది. సముద్రం అడుగున ఏళ్ల తరబడి చెడిపోదు. మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ గట్టాపర్చా, ఆపైన నార, అన్నిటికీ పైన ఇనుప తీగలు. ఇదీ ఆనాటి కేబుల్.

1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున కేబుల్ వేశారు. ఇంగ్లండు రాణి విక్టోరియా అమెరికాకు 98 మాటల సందేశం పంపింది. అది చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది! కొద్ది వారాలకే ఆ కేబుల్ మూగబోయింది. 1866లో 'గ్రేట్ ఈస్టర్న్' అనే పెద్ద ఓడ మళ్లీ కేబుల్ వేసింది. ఈసారి అది నిలిచింది. అదే ఓడ 1870లో బొంబాయి నుంచి ఏడెన్ వైపు కేబుల్ వేసింది. దాంతో ఇండియాకు, ఇంగ్లండుకు మధ్య సముద్రపు తంతి కలిసింది.

మరి మన మారిషస్‌కు ఎప్పుడు వచ్చింది? 1893లో. ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇండియా నుంచి ఒప్పందపు కూలీలు ఇక్కడికి రావడం 1834లో మొదలైంది. అంటే కేబుల్ వచ్చేసరికి 59 ఏళ్లు గడిచాయి. కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లలో చాలామంది అప్పటికే ఇక్కడ బతికి, ఇక్కడే పోయారు. ఊరి నుంచి కబురు రావాలంటే ఉత్తరం రావాలి, లేదా ఓడ దిగిన మనిషి నోటితో చెప్పాలి. తల్లి పోయిన సంగతి కొడుక్కి నెలల తర్వాత తెలియవచ్చు. అసలు తెలియకనే పోవచ్చు.

1892 ఏప్రిల్ 29న పెద్ద తుపాను మన ద్వీపాన్ని కొట్టింది. పోర్ట్ లూయిస్‌లో ఎన్నో ఇళ్లు కూలిపోయాయి. దేశం మొత్తం మీద వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ కబురు బయటి ప్రపంచానికి చెప్పడానికి ఇక్కడ తంతి లేదు. ఓడ బయలుదేరాలి, కేబుల్ ఉన్న రేవు చేరాలి, అక్కడి నుంచి తంతి కొట్టాలి. సాయం అడగడానికి కూడా ఓడే దిక్కు.

మరుసటి ఏడాది జాంజిబార్ నుంచి సేషెల్స్ మీదుగా మనదాకా కేబుల్ వేశారు. ఇక పోర్ట్ లూయిస్ నుంచి మద్రాసుకు కబురు ఎలా వెళ్లేదో వేలితో పటం మీద గీయండి: సేషెల్స్, జాంజిబార్, ఏడెన్, బొంబాయి. అక్కడి నుంచి నేల మీది తీగల మీద మద్రాసు. దారిలో గుమాస్తాలు కబురును అందుకుని మళ్లీ ముందుకు పంపేవారు. 1901లో ఇంకో కేబుల్ మనల్ని ఒక వైపు డర్బన్‌తో, మరో వైపు రోడ్రిగ్స్ మీదుగా ఆస్ట్రేలియాతో కలిపింది.

అయితే తంతి వచ్చింది గానీ, అది అందరిదీ కాదు. ఖర్చు మాటల లెక్కన. 1866లో అట్లాంటిక్ కేబుల్ మీద 20 మాటలకు 20 పౌన్లు తీసుకున్నారు. మాటకు ఒక పౌను. ఆ రోజుల్లో పౌను అంటే సుమారు 10 రూపాయలు. మన ముత్తాతల మొదటి ఒప్పందాల్లో మగవాళ్ల జీతం నెలకు 5 రూపాయలు. లెక్క వేయండి: అక్కడ ఒక్క మాట ధర, ఇక్కడ రెండు నెలల చాకిరీ! తర్వాత ధరలు తగ్గాయి. అయినా ఆ తీగలను ఎక్కువగా వాడుకున్నది ప్రభుత్వం, వ్యాపారులు. చెరకు నరికిన మనిషి గొంతు కన్నా ముందు చక్కెర ధర సముద్రం దాటింది.

ఇంకో సంగతి. తంతి కబురు ఇంగ్లీషు అక్షరాల్లోనే వెళ్లేది. లేకపోతే మన తెలుగు పొదుపుకు మంచి భాష. క్రియోల్‌లో 'మో పె వినీ' అనడానికి మూడు మాటలు కావాలి. తెలుగులో 'వస్తున్నాను', ఒక్కటే మాట. చివరి 'ను' వల్ల వచ్చేది నేనని తెలుస్తుంది. 'వస్తున్నాం' అంటే మేమందరం. 'వస్తున్నారు' అంటే వాళ్లు, లేదా మనం గౌరవించే ఒక పెద్దమనిషి. 'రాలేదు' అన్నా ఒక్క మాటే. అందుకే తెలుగు క్రియల చివరి అక్షరాలను శ్రద్ధగా వినమని మీకు ప్రతిసారీ చెబుతున్నాను.

ఇండియాలో టెలిగ్రాములు 2013 జూలైలో ఆగిపోయాయి. సముద్రం కింది తీగలు మాత్రం ఆగలేదు. 2002లో మొదలైన 'సేఫ్' కేబుల్ దక్షిణాఫ్రికా నుంచి రీయూనియన్, మారిషస్ మీదుగా కేరళలోని కొచ్చికి వెళ్తుంది. ఇప్పుడు రాగి లేదు, గాజు పోగులో వెలుగు పరుగెత్తుతుంది. విశాఖపట్నంలో ఉన్న చుట్టాలతో మీరు వీడియోలో మాట్లాడితే ఆ మాటలు ఇలాంటి తీగల మీదే వెళ్తాయి. మాటకు పౌను అడిగేవాళ్లు లేరు.

ఈ నెల మీ పని: 1893లో మీ ముత్తాత చేతిలో 10 మాటలకు సరిపడా డబ్బు ఉందనుకోండి. ఊళ్లో ఉన్న అమ్మకు ఆయన ఏం చెప్పేవారు? 10 మాటలు మించకుండా తెలుగులో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు దిద్దితే దిద్దనివ్వండి.

మాటలు, అర్థాలు
కబురు: ఒకరు ఇంకొకరికి పంపే సంగతి.
రేవు: ఓడలు, పడవలు ఆగే చోటు.
గుమాస్తా: ఆఫీసులో రాతపని చేసే ఉద్యోగి.
చాకిరీ: ఒళ్లు అలిసే పని.
పోగు: సన్నని దారం లాంటిది.