క్లాస్‌లో నోరు విప్పాలంటే వణుకు.. ఆ భయాన్ని ముందు పసిగట్టేది పక్క బెంచీ ఫ్రెండే!

విజయపురి సౌత్: "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని సార్ అడగ్గానే క్లాస్ మొత్తం సైలెంట్. అందరికీ అర్థమైపోయిందని కాదు. లేచి అడిగితే పక్కవాళ్లు నవ్వుతారేమోనని! ఇది ఏ ఒక్క స్కూల్ ముచ్చటో కాదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో దేశవ్యాప్తంగా 6 నుంచి 12వ తరగతి వరకు సుమారు 3.8 లక్షల మంది విద్యార్థులను సర్వే చేసింది. ప్రశ్న అడగడానికి సంకోచిస్తామని 28 శాతం మంది చెప్పారు. చదువు, పరీక్షలు, రిజల్ట్స్ వల్లే ఆందోళన అన్నవాళ్లు 81 శాతం.

ఈ భయాన్ని పోగొట్టే పని విద్యార్థులే భుజాన వేసుకుంటే? వర్కవుట్ అవుతుందా?

సిగ్గు వేరు.. ఈ భయం వేరు

కొత్తవాళ్ల ముందు సిగ్గుపడటం మామూలే. కాసేపటికి అదే పోతుంది. సోషల్ యాంగ్జైటీ అలా కాదు. నలుగురూ తననే చూస్తున్నారు, తప్పు పడతారు అన్న భయం వదలదు. సెమినార్ అంటే నాలుగు రోజుల ముందు నుంచే గుండె దడ. మాట్లాడాల్సిన టైమ్‌కి గొంతు పట్టేస్తుంది. కొందరైతే నలుగురి ముందు అన్నం కూడా తినలేరు. ఎక్కువ మందిలో ఇది టీనేజ్‌లోనే మొదలవుతుంది.

అసలు చిక్కు ఎక్కడంటే.. ఆ రోజు స్కూల్ ఎగ్గొడితే హాయిగా ఉంటుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త బలపడుతుంది.

'బుద్ధిమంతుడు' అనుకుంటాం కానీ..

అల్లరి చేసే పిల్లాడి మీద రోజూ కంప్లయింట్లు వస్తాయి. నోరు మెదపని పిల్లాడి మీద ఒక్కటీ రాదు. పైగా "ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకుంటాం. అందుకే ఈ సమస్య టీచర్లకు, పేరెంట్స్‌కు త్వరగా కనిపించదు.

విజయపురి సౌత్‌నే తీసుకోండి. నాగార్జునసాగర్ కుడిగట్టున ఉన్న ఈ ఊరికి గురుకుల చదువుల కోసం వేరే ప్రాంతాల పిల్లలు వస్తారు. పదో తరగతి అవ్వగానే ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చే వయసు అది. అలాంటి చోట ఎవరు మెస్‌కి రావట్లేదో, ఎవరు ఒంటరిగా కూర్చుంటున్నారో ముందు తెలిసేది రూమ్‌మేట్‌కే. స్టూడెంట్ టీమ్‌ల బలం ఇదే.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అమెరికా స్కూళ్లలో 'శాస్' అనే ప్రోగ్రామ్ ఉంది. భయపడే టీనేజర్లను చిన్న గ్రూపుగా చేసి 12 క్లాసులు పెడతారు. పలకరించడం, మాట కలపడం, భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయడం నేర్పిస్తారు. దీంతో పాటు నాలుగు సరదా కార్యక్రమాలు. వాటికి అదే స్కూల్ విద్యార్థులు తోడుగా వస్తారు. నేర్చుకున్నది నిజం మనుషుల మధ్య ప్రాక్టీస్ చేయడానికి వీళ్లే కీలకం. అయితే క్లాసులు నడిపేది మాత్రం ట్రైనింగ్ తీసుకున్న పెద్దవాళ్లే.

మన దేశంలోనూ ఒక పెద్ద ప్రయోగం జరిగింది. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 స్కూళ్లలో మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని పరీక్షించారు. కొన్ని చోట్ల ఇదే పనిగా కౌన్సెలర్‌ను నియమించారు. ఇంకొన్ని చోట్ల టీచర్‌కే అదనంగా అప్పగించారు. 2018లో వచ్చిన ఫలితాలు చూస్తే.. కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో డిప్రెషన్ లక్షణాలు, వేధింపులు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు!

అంటే, అదనపు డ్యూటీగా పడేస్తే టీచర్ల వల్లే కాలేదు. మరి పిల్లల నెత్తిన పెట్టేసి వదిలేస్తే ఎలా అవుతుంది?

పేపర్ మీద అన్నీ ఉన్నాయి

కేంద్రం 2014లో తెచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో తోటి పిల్లలకు అవగాహన కల్పించే టీనేజ్ వాలంటీర్లు ఉన్నారు. 2020లో మొదలైన స్కూల్ హెల్త్ ప్రోగ్రామ్‌లో స్కూల్‌కు ఇద్దరు టీచర్లు 'అంబాసిడర్లు', విద్యార్థులు 'మెసెంజర్లు'. రిస్క్ ఏంటంటే ఇవి పోస్టర్ పోటీలు, వక్తృత్వ పోటీలతోనే ముగిసిపోవడం. 2025 నవంబర్ 26న అమరావతిలో జరిగిన విద్యార్థుల మాక్ అసెంబ్లీ చూసి అందరం మురిసిపోయాం. కానీ స్టేజ్ ఎక్కేది ఆల్రెడీ ధైర్యం ఉన్నవాళ్లే. చివరి బెంచీలో తల దించుకున్న పిల్లాడి సంగతి?

స్టూడెంట్ టీమ్ ఏం చేయొచ్చు?

* డౌట్లు పేరు లేకుండా చీటీ మీద రాసి ఇచ్చేలా చూడాలి.
* ముందు ఇద్దరిద్దరుగా, తర్వాత ఐదుగురిలో, ఆ తర్వాతే క్లాస్ ముందు మాట్లాడించాలి. బలవంతంగా స్టేజ్ ఎక్కించొద్దు.
* ఎవరైనా తడబడితే నవ్వకూడదు. ఈ ఒక్క రూల్ క్లాస్ అంతా పాటించాలి.
* ఫ్రెండ్ చెప్పింది బయట పెట్టొద్దు. కానీ "బతకాలని లేదు" లాంటి మాట వింటే మాత్రం అదే రోజు పెద్దవాళ్లకు చెప్పాలి. అది చాడీ కాదు.

చెప్పడానికి ఆ పెద్దవాళ్లు ఎక్కడ?

ఇదే అసలు ప్రశ్న. విశాఖలో 2023లో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్‌ లేదా సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి.

సిటీలో అయితే పేరెంట్స్ ఎలాగోలా డాక్టర్‌ను వెతుక్కుంటారు. విజయపురి సౌత్ నుంచి మాచర్ల వెళ్లాలన్నా 20 కిలోమీటర్లకు పైనే. జిల్లా కేంద్రం నరసరావుపేట ఇంకా చాలా దూరం. కాబట్టి ఇలాంటి ఊళ్లకే కౌన్సెలర్ ముందు రావాలి. పిల్లలు తోడు నిలవగలరు, డాక్టర్ పని చేయలేరు. "స్టూడెంట్సే చూసుకుంటున్నారు కదా" అని ఆ పోస్టు ఖాళీగా ఉంచితే, ఒక పిల్లాడి భయం ఇద్దరి భారం అవుతుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్తే మార్కుల గురించి ఎలాగూ అడుగుతారు. దాంతో పాటు "మా స్కూల్‌కి కౌన్సెలర్ ఎవరు?" అని కూడా అడగండి.

*మీకు గానీ, మీ ఇంట్లో పిల్లలకు గానీ సాయం కావాలంటే టెలీ మానస్ నంబర్ 14416కు కాల్ చేయండి. 24 గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.*