నాలుగువందల అడుగులు

పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు ప్రతి పాఠశాలలోను రెండు దృశ్యములు కానవచ్చును. ఒకచోట మిఠాయిలు పంచుచుందురు. మరొకచోట, నాలుగైదు మార్కులు తక్కువైన బాలుడొకడు గోడవైపు తిరిగి నిలుచుండును. ఆ రెండవ బాలునికి చెప్పదగిన మాట మనయొద్ద ఏమి కలదు? ఇందుకు సమాధానము హిమాలయములలో దొరకునని మా విశ్వాసము.

1960లో బ్రిగేడియర్ జ్ఞాన్ సింగ్ నాయకత్వమున భారతీయుల ప్రథమ ఎవరెస్టు యాత్ర సాగినది. ఆ దళమునుండి నరేంద్రకుమార్, సోనమ్ గ్యాత్సో, నవాంగ్ గోంబు అనువారు దాదాపు 28,300 అడుగుల యెత్తునకు పోయి, పెనుగాలికి తాళలేక వెనుదిరిగిరి. 1962లో మేజర్ జాన్ డయాస్ నాయకుడుగా మరియొక దళము వెళ్లినది. ఈ పర్యాయము గ్యాత్సోయు, మోహన్ సింగ్ కోహ్లీయు, హరి డాంగ్‌ను సుమారు 28,600 అడుగుల దాక ఎక్కిరి. నాటి లెక్కను శిఖరము యెత్తు 29,028 అడుగులు. మిగిలినది నాలుగువందల పైచిలుకు అడుగులు మాత్రమే. చదునునేలపై రెండు నిమిషముల నడక. అయినను వారు మరలిరి.

ఆ మరలుటయే మనము పిల్లలకు చెప్పవలసిన కథ. అంత యెత్తున లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో ఇంచుమించు మూడవవంతు. అచ్చట కాలు కదుపుట కష్టము. తిన్నగా ఆలోచించుట అంతకన్న కష్టము. దిగుటకు చాలినంత బలము మిగిలియున్నదా అని ఆ స్థితిలో లెక్క చూచుకొని, లేదని తేలినపుడు శిఖరము కన్నులయెదుట నుండగనే వెనుదిరుగుటకు ఎంత గుండెదిటవు కావలెనో ఊహింపుడు. బ్రతికి వచ్చినవాడే మరల ఎక్కగలవాడు.

1965లో కోహ్లీ తానే నాయకుడై మూడవ దళమును సిద్ధపరచెను. సుమారు 25 టన్నుల సామగ్రి. దానిని మోయుటకు 800 మంది కూలీలు. ఏ శిబిరమున ఏ మూట విప్పవలెనో క్రిందనే నిర్ణయింపవలెను. పైన పొయ్యి వెలుగనిచో మంచు కరగదు. మంచు కరగనిచో త్రాగునీరు లేదు. ఖుంబు హిమప్రపాతమున పగుళ్లు దాటుటకు వంతెనలు పరచి, త్రాళ్లు కట్టి, దారి తీయవలెను. పగలు పైకెక్కి బరువులు చేర్చుట, రాత్రికి దిగివచ్చి నిద్రించుట, ఇట్లు వారములతరబడి దేహమును పలుచని గాలికి అలవాటు చేయవలెను. ఈ పనిలో షేర్పాల భుజబలము లేనిదే ఏ దళమును అడుగు కదపజాలదు.

ఇంత సన్నాహము జరిగినను, ఏప్రిల్ చివర తొలి యత్నము వాతావరణము చెడి నిలిచిపోయినది. దళము క్రిందికి దిగివచ్చి, ఓపికతో రెండు వారములు వేచియుండెను. తుదకు మే 20న చీమా, గోంబు శిఖరమును చేరిరి. మే 22న సోనమ్ వాంగ్యాల్‌తో కలిసి సోనమ్ గ్యాత్సో అచ్చట నిలిచెను. రెండు పర్యాయములు రిక్తహస్తములతో మరలినవాడు, 42 ఏండ్లవాడు! మే 29 నాటికి ఎక్కినవారు మొత్తము 9 మంది. నాయకుడు కోహ్లీ మాత్రము శిఖరము నెక్కలేదు; తొమ్మండుగురిని ఎక్కించెను.

మన సీమ పిల్లల కథయు ఇట్టిదే. 2014 మే 25న సాంఘికసంక్షేమ గురుకులముల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు నెక్కిరి. నాటికి పూర్ణకు 14 ఏండ్లు నిండలేదు. పత్రికలలో మనము చూచినది శిఖరముపై ఛాయాచిత్రము. దాని వెనుక భువనగిరి బండపై త్రాడు పట్టుట నేర్చిన దినములు, డార్జిలింగు శిక్షణ, లడఖ్ చలి కలవు. వారితో కూడ భువనగిరి బండ నెక్కి, తుది ఎంపికలో ఆగిపోయిన బాలబాలికలును కలరు. వారు నేర్చినది తక్కువ విద్యయా?

మన పాఠములలో ఎవరెస్టును గూర్చి అడుగు ప్రశ్న ఒక్కటే: “మొదట ఎక్కినదెవరు?” జవాబునకు ఒక మార్కు. మూటలు కట్టినదెవరు, దారి తీసినదెవరు, ఎందుకు వెనుదిరిగిరి అను ప్రశ్నలకు మార్కులు లేవు. ఉపాధ్యాయులకు మా మనవి యిది: తప్పిన విద్యార్థిని “ఎందుకు తప్పితివి?” అని గద్దింపక, “ఎంతవరకు పోయితివి? ఏమి తక్కువైనది?” అని అడుగుడు. వానితో కూర్చుండి ఆ లెక్క చూడుడు. రెండు యాత్రల అనుభవమును మూటగట్టుకొనియే 1965 దళము బయలుదేరినది.

అయితే, విద్యార్థులారా, ఈ ఓదార్పు సోమరికి చెల్లదు. మూట కట్టనివాడు వెనుదిరిగినవాడు కాడు. వాడు బయలుదేరనే లేదు. శ్రమించి నాలుగువందల అడుగుల దూరమున ఆగినవానికి మాత్రము ఆ కొండ ఎచ్చటికిని పోదు. గోడవైపు తిరిగిన ఆ బాలుని భుజముపై చేయివేసి, ఇటు త్రిప్పి, ఎవరైనను ఒకరు గ్యాత్సో కథ చెప్పుదురుగాక!