బడి సొమ్ము బడికే చేరాలి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2025 మే నెలలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం 2026-27 విద్యా సంవత్సరం నుంచి ప్రైవేటు బడిలో చదివే పిల్లలకు రాష్ట్ర ఖజానా నుంచి తలకు పది వేల డాలర్లకు పైగా ఇస్తారు. మొదటి విడతకు కేటాయించిన మొత్తం 100 కోట్ల డాలర్లు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడ ముస్లింలు నడిపే ప్రైవేటు బడులూ ఉన్నాయి. దీన్ని, దునియాను కలిపి నేర్పే బడికి ఖజానాయే ఫీజు కడతానంటే కాదనడం ఎందుకు అని అక్కడి తల్లిదండ్రులకు అనిపించడం సహజమే. అయినా ఆ చట్టాన్ని మేము సమర్థించలేకపోతున్నాము. మన పిల్లలకు మన బడులు ఉండటం మంచిదే, వాటికి దాతలు ముందుకు రావడం మరీ మంచిది. కానీ ఊరందరి పిల్లల కోసం వసూలు చేసిన పన్ను ఒక అమానతు. దాన్ని కొందరి ఫీజుగా మార్చడం వేరే సంగతి.

ఈ పథకానికి వోచరు అని పేరు. 1955లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త దీన్ని ప్రతిపాదించాడు. డబ్బు బడికి కాక బిడ్డకు ఇవ్వాలి, బిడ్డ ఏ బడికి వెళితే డబ్బు ఆ బడికి వెళ్ళాలి అన్నది సారాంశం. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేసి చూసినప్పుడే చిక్కు తెలుస్తుంది. ముప్పై మంది ఉన్న తరగతి నుంచి నలుగురు వెళ్ళిపోతే నలుగురి వాటా డబ్బూ పోతుంది. కానీ పంతులు జీతం నాలుగో వంతు కూడా తగ్గదు. పైకప్పు కారడం ఆగదు. మిగిలిన ఇరవై ఆరుగురు అదే గదిలో తక్కువ డబ్బుతో చదువుకోవాలి. పైగా ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకునేది చాలాచోట్ల ప్రైవేటు బడే. వెనుకబడిన పిల్లవాణ్ణి అది వద్దనవచ్చు, ప్రభుత్వ బడి వద్దనలేదు.

ఆరిజోనా అనుభవం చూడండి. 2011లో వికలాంగులైన పిల్లల కోసమని అక్కడ ఈ పద్ధతి మొదలుపెట్టారు. దాన్ని అందరికీ విస్తరించడాన్ని 2018లో ఓటర్లు భారీ ఆధిక్యంతో తిరస్కరించారు. అయినా 2022లో శాసనసభ అందరికీ వర్తింపజేసింది. తొలి దరఖాస్తుదారుల్లో నూటికి 75 మంది అంతకుముందు ప్రభుత్వ బడిలో చదివినవారే కారని ఆ రాష్ట్ర విద్యాశాఖే వెల్లడించింది. అంటే చాలావరకు ఆ సొమ్ము బడి బాగాలేక బయటికి వచ్చిన పేదబిడ్డకు చేరలేదు. అప్పటికే సొంతంగా ఫీజు కట్టుకుంటున్న ఇంటికి వెళ్ళింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ విస్తరణకు ఆరున్నర కోట్ల డాలర్లు అదనంగా కావాలని ముందు అంచనా కట్టారు. ఖర్చు దానికి ఎన్నో రెట్లయింది.

చిలీ దేశం ఈ దారిలో అందరికంటే ముందు, సైనిక పాలనలో, 1981లో నడిచింది. అప్పుడు ముప్పాతిక వంతు పిల్లలు ప్రభుత్వ బడుల్లో ఉండేవారు. మూడు దశాబ్దాల్లో ఆ వాటా నూటికి నలభైకి దిగువకు పడిపోయింది. ఉన్నవారి పిల్లలు ఒక బడికి, లేనివారి పిల్లలు మరో బడికి చేరారు. 2006లో, మళ్ళీ 2011లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. చివరికి 2015లో సహాయం పొందే బడులు లాభాలు తీయరాదని, ఫీజు వసూళ్ళు, ఏరివేతలు మానాలని చట్టం చేయవలసి వచ్చింది.

ప్రభుత్వ బడి బాగాలేదు కనుకనే గదా జనం పోతున్నారు అని కొందరంటారు. బాగాలేని బడులు ఉన్న మాట నిజం. పది దాటినా రాని ఉపాధ్యాయుణ్ణి మనమూ ఎరుగుదుము. కానీ వోచరు తీసుకున్న బిడ్డ తప్పక బాగుపడతాడన్న హామీ ఏదీ లేదు. లూసియానాలో జరిపిన పరిశోధనలో వోచరుతో వెళ్ళిన పిల్లలు గణితంలో వెనుకబడ్డారని తేలింది.

ఇదంతా సముద్రాల అవతలి గొడవ అనుకోరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన అమ్మ ఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనం పథకాలు బిడ్డ ప్రభుత్వ బడిలో ఉన్నా ప్రైవేటు బడిలో ఉన్నా తల్లి ఖాతాలో డబ్బు వేసేవే. పేద తల్లి చేతికి నాలుగు డబ్బులు అందడాన్ని మేము తప్పు పట్టము. ఆ డబ్బు కాన్వెంటు ఫీజులో మొదటి వాయిదాగా మారుతున్న ఇళ్ళూ ఉన్నాయి. ఇది పూర్తి వోచరు కాదు, కానీ దారి ఆ దిక్కుకే పోతుంది.

ఈ విషయంలో ముస్లింలకు మరింత జాగ్రత్త అవసరం. మదరసాలకు వెళ్ళే ముస్లిం పిల్లలు నూటికి నలుగురేనని, 66 మంది ప్రభుత్వ బడుల్లోనే చదువుతున్నారని సచార్ కమిటీ 2006లో తేల్చి చెప్పింది. ఉర్దూ మీడియం బడుల సంగతి మరీ సున్నితం. పేటలో ఒక బడి, అందులో ఇద్దరో ముగ్గురో ఉపాధ్యాయులు. పదిమంది పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ పేరిట ఒక పోస్టు ఎగిరిపోతుంది. తెలుగు మీడియం వారికైతే పక్క వీధిలో ఇంకో బడి దొరకవచ్చు. ఉర్దూ బడి మూతపడితే మళ్ళీ దగ్గరలో ఉండదు. దూరమని మొదట చదువు మానేది ఆడపిల్లే.

ఖజానా డబ్బు నేరుగా బడికే వస్తే ఏం జరుగుతుందో తెలంగాణలో చూశాము. మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై 204కు పెరిగాయి. వాటిలోనూ లోపాలు లేకపోలేదు, అద్దె భవనాల ఇబ్బంది ఒక్కటే చాలు. అయినా ఏ ఫీజూ కట్టలేని ఇంటి అమ్మాయి అక్కడ ఇంటర్ దాకా చదువుకునే వీలుంది. ఆ పని వోచరు కాగితంతో అయ్యేది కాదు.

టెక్సాస్‌లోని మన బంధువులు అక్కడి స్కూలు బోర్డు సమావేశాలకు వెళ్ళి తమ అభిప్రాయం చెప్పవచ్చు. ఇక్కడ మనకు బడి కమిటీలున్నాయి. మన పిల్లల బడికి మంజూరైన పోస్టులెన్ని, వాటిలో ఉర్దూ పోస్టులెన్ని, ఎన్ని ఖాళీ, ఈ ఏడు నిర్వహణ నిధి ఎంత వచ్చింది? వచ్చే కమిటీ సమావేశంలో ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను రిజిస్టరులో రాయించండి.