మన తెలుగు బాగుపడేదాకా ఆగితే ఎట్లా?

మా చుట్టాల్లో కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు. పెళ్లి ఇంట్లోనో, జాతరకు చేరినప్పుడో ఒకరు మొదలుపెడితే చాలు. కరువులో బావి తవ్విన సంగతి, ఇంటిపేరు వెనకున్న కథ, ఎద్దుల్ని అమ్మిన రోజు ఇంట్లో పొయ్యి వెలగని సంగతి, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. "ఇదే రాసి పెట్టకూడదా?" అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. "మాది అరవం కలిసిన తెలుగు. రాస్తే ఆంధ్రావాళ్లు నగుతారు. రోంత బాగా నేర్చుకోనీ, అప్పుడు రాస్తాము."

ఇది మా హోసూరు పక్క మాట. బరంపురంలో ఉన్నవాళ్లు ఒడియా కలిసిందంటారు, షోలాపూర్‌లో ఉన్నవాళ్లు మరాఠీ కలిసిందంటారు. సాకు మాత్రం ఒకటే.

ఆ మాట వినడానికి వినయంగానే ఉంటుంది. కానీ "రోంత బాగా" అనేదానికి హద్దెక్కడ? పది పుస్తకాలు చదివినవాళ్లకు ఇంకో పది కనిపిస్తాయి. ఛందస్సు రాదని ఒకరు, సంధులు తెలియవని ఒకరు ఆగిపోతారు. ఈలోపల కథ తెలిసిన పెద్దామె వయసు ఆగదు కదా.

ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలియకపోలేదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. చాలా ఇళ్లల్లో పిల్లలకు తెలుగు నోట ఉంది గానీ చేతిలో లేదు. చూసే తెలుగంతా టీవీదీ, పేపరుదీ. దాని పక్కన మన మాట పెట్టి చూసుకుంటే తక్కువగానే కనిపిస్తుంది. తమిళ లిపిలో ఒత్తక్షరాలకు వేరే గుర్తులు లేవు కాబట్టి, ఆ బడిలో చదివినవాళ్లు "భయం" అని రాయాల్సిన చోట "బయం" అని రాస్తారు. అంతమాత్రాన వాళ్లకు తెలుగు రాదనడం న్యాయమేనా?

పైగా మనం తప్పనుకునేవన్నీ తప్పులు కావు. గేదెను ఎనుము అంటాం, దుకాణాన్ని అంగడి అంటాం. రెండూ నిఘంటువుల్లో ఉన్న అచ్చ తెలుగు మాటలే. వాటిని కొట్టేసి పేపరు మాట పెట్టుకుంటే మనం దిద్దుకున్నట్టు కాదు, ఉన్నది పోగొట్టుకున్నట్టు.

ఇంకో చిత్రం కూడా చూస్తుంటాం. నోటితో చెప్పేటప్పుడు "మా అవ్వ సంగటి గెలుకుతా ఉన్నింది" అని కళ్లకు కట్టించే మనిషి, కాగితం ముందు కూర్చోగానే "పూర్వకాలమున మా మాతామహి గారు" అని మొదలుపెడతాడు. రెండు వరసలు కాగానే పెన్ను మూసేస్తాడు. ఆ గ్రాంథికం అతనిది కాదు, అందుకే ముందుకు సాగదు.

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' సంగతి చూడండి. 1892లో నాటకంగా ఆడారు, 1897లో అచ్చయింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. బాగా మార్చి, పెంచి, 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఈరోజు మనం చదివేది ఆ రెండో రూపమే. మొదటిది అచ్చయి జనంలోకి పోయిన పన్నెండేళ్లకు రెండోది వచ్చింది. అంతవాడే ఒక్కసారికి తెమల్చలేదు. మన అవ్వ కథ మొదటిసారికే నున్నగా రావాలని పట్టుబట్టడం ఏం న్యాయం?

మనకు ఇంకా దగ్గరివాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు. బడి చదువు పెద్దగా సాగలేదు. ముప్పై దాటాక కథలు రాయడం మొదలుపెట్టాడు. ఆ కరిసల్ నేల జనం మాట్లాడే యాసలోనే తమిళంలో రాశాడు, ఆ మాటలకు నిఘంటువు కూడా కూర్చాడు. దక్షిణానికి వలస పోయిన తెలుగు కుటుంబాల కథను 'గోపల్ల గ్రామం' నవల చేశాడు. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. చదువు పూర్తయ్యాక రాద్దామనో, తెలుగు లిపి వచ్చాక రాద్దామనో ఆయన కూర్చుని ఉంటే, మన పెద్దల వలస కథ అంతమందికి తెలిసేదా?

"తప్పులతో రాస్తే పిల్లలకు తప్పుడు తెలుగు అంటుకోదా?" అని మా ఇంట్లోనే కొందరు పెద్దలు అడుగుతారు. అడగాల్సిన మాటే. మేము దిద్దవద్దని అనడం లేదు, రాశాక దిద్దమంటున్నాం. "బయం" అని ఉంటే వచ్చే ఏడు కూడా దాన్ని "భయం" చేయవచ్చు. రాయనిదాన్ని ఎవరు దిద్దగలరు? పిండి మిషను వచ్చాక విసుర్రాయి మూలకు పోయింది. దానితో పాటే విసుర్రాతి పాట పాడే సందర్భమూ పోయింది. ఆ పాట ఇప్పుడు ఎనభై దాటిన నలుగురైదుగురి నోట మాత్రమే ఉంది. వాళ్లు పోయాక ఒత్తులన్నీ వచ్చినా మన దగ్గర రాయడానికి పాట ఉండదు.

అందుకే మేము చెప్పేది ఇది. వారానికి ఒక పేజీ చాలు. అవ్వ చెప్పేది ఫోనులో పట్టండి, విన్నది విన్నట్టు రాయండి. ఆమె "వచ్చుండాడు" అంటే "వచ్చాడు" అని దిద్దకండి. మాట అర్థం కాకపోతే ఖాళీ వదిలి, మళ్లీ పోయి అడగండి. తెలుగు అక్షరాలు రాకుంటే తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో రాయండి, తెలిసినవాళ్లు తర్వాత మార్చి రాస్తారు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది మాత్రం పైన వేయండి.

చదివేవాళ్లకు కూడా ఒక మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా భయపడుతూ నాలుగు వరసలు పెడితే, మొదట వచ్చేది అక్షరదోషం చూపే జవాబే. ఆ మనిషి మళ్లీ రాయడు. ముందు "తర్వాత ఏమయింది?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబుగా ఇంకో పేజీ వస్తుంది. పది పేజీలు వచ్చాక, వాళ్లే అడిగితే, పక్కన కూర్చుని ఒత్తులు దిద్దండి.

ఈ సంక్రాంతికి మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర ఒక్క సంగతి రాసుకుని మాకు పంపండి. ఎట్లా రాసినా సరే, ముందు చదువుతాం.